ఇగొచ్చిన

మూడో సీటులోంచి సన్నగా, ఈగ ముసిరినట్టు, కబడ్డి కబడ్డి కబడ్డి అని వినబడగానే కండక్టర్ కమల చేతిలో టికెట్ మిషన్ ఆగిపోయింది. వినొద్దు అనుకుంది కదా. పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడే తన ఫోను నోరు నొక్కేసి సంచిలో అట్టడుగున పెట్టింది. ఈ రోజు భూపాలపల్లిలో ఫైనల్ అని తెలిసీ, పెద్దవంగర ఆడపిల్లల జట్టు పదకొండేళ్లలో మొదటిసారి ఫైనల్ దాకా వచ్చిందని తెలిసీ, ఆ జట్టులో కూతకు పోయేది తన అన్న నిరంజన్ కూతురు దీక్షితే అని తెలిసీ, మానుకోట నుంచి జనగామ పోయే మూడూ నలభై బస్సెక్కి, ఆధార్ కార్డులు చూసుకుంటూ, ఆడవాళ్లకు జీరో టికెట్లు కొట్టుకుంటూ, సాయంత్రం దాకా ఏమీ ఎరగనట్టు ఉండిపోదామని గట్టిగా నిర్ణయించుకుంది. ఆ నిర్ణయం బస్టాండు గేటు కూడా దాటలేదు. ఎవరిదో ఫోను, ఎవరిదో గొంతు, ఆ ఒక్క మాట, అంతే, అరికాళ్ల దగ్గర మొదలైన జివ్వుమనడం నడుం దాకా పాకింది. నలభై నాలుగేళ్ల మనిషి, పదహారేళ్ల సర్వీసు, మోకాళ్లలో మెట్లెక్కి దిగిన నొప్పి, అయినా ఒకప్పుడు ఆడిన ఒంటికి ఆ మాట వినబడితే కాళ్లు వాటంతటవే గీత కోసం వెతుక్కుంటాయి.

కిటికీ పక్కన తెల్ల చొక్కా పెద్దాయన, ఫోను ముక్కుకు ఆనించుకుని చూస్తున్నాడు. కమల ఆయన దగ్గరికి ముగ్గురిని తప్పించి మరీ చేరింది. "ఏడికి బాపు?" అంటే తల ఎత్తకుండానే "జనగామ" అన్నాడు. ఎవలు ఆడుతున్నరు అని అడిగింది, ఏమీ తెలియని నంగనాచిలా. "మా రేగొండ పిల్లలు బిడ్డా. ఫైనలు" అన్నాడాయన, తనే వెళ్లి ఆడుతున్నంత గర్వంగా. రేగొండలో విత్తనాల దుకాణమట, పేరు ఈశ్వరయ్య, మానుకోటలో చుట్టాలింటికి వచ్చి జనగామలో కూతురింటికి పోతున్నాడట, అన్నీ అడక్కుండానే చెప్పాడు. "ఎవల మీద?" అంది కమల. "ఎవలో పెద్దవంగరోళ్లట" అని, తల ఎత్తి, నాలుక చప్పరించి, "పాపం" అన్నాడు.

పాపమా! కమలకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దవంగర జట్టును తిట్టాలంటే తను తిట్టాలి, పదకొండేళ్లుగా వాళ్ల వెంట తిరిగి, ఎండలో నిలబడి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చి రెండేసి రోజులు సైగలతో కాపురం చేసిన తను తిట్టాలి గానీ, విత్తనాల ఈశ్వరయ్య ఎవరు పాపం అనడానికి. నిజానికి తిట్టడానికి ఏం తక్కువ చేశారు గనక వాళ్లు. మొదటి ఏడు మొదటి ఆటే పోయింది, సరే, కొత్త అనుకుంది. తరువాతి ఏడు ఇద్దరు మంచి ఆటగత్తెలకు అదే వారంలో నిశ్చితార్థాలు పెట్టారు, పసుపు రాసుకున్న చేతులతో పట్టు ఎక్కడ నిలుస్తుంది, జారిపోయింది. ఇంకో ఏడు బూట్లు కొనిచ్చారు, ఎప్పుడూ వట్టికాళ్లతో ఆడిన పిల్లలు కోడిపిల్లలకు గజ్జెలు కట్టినట్టు ఎగిరెగిరి పడ్డారు. మరో ఏడైతే సగం ఆటకు ఎనిమిది పాయింట్లు ముందుండి, విరామంలో ఎవరో ప్రేమ కొద్దీ వండి తెచ్చిన బగారన్నం కడుపు నిండా తిని, రెండో సగంలో వంగలేక ఓడిపోయారు. ఆ బగారన్నం వండి తెచ్చింది కమలే అన్న సంగతి ఊళ్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు, మర్యాదస్తులు. ప్రతి ఏడూ తిరుగు ప్రయాణంలో ఇగ చాలు, మళ్లీ ఈ జట్టు ముఖం చూస్తే ఒట్టు అనుకుంటుంది, ఒట్టు గట్టు మీద పెట్టి మరుసటి ఏడు అందరికంటే ముందు బయలుదేరుతుంది. ఆశకు సిగ్గుండదు, అదేం చేస్తుంది.

కబడ్డి కబడ్డి, ఫోనులో మళ్లీ కూత, ఇది దీక్షిత గొంతేనా, కాదు, రేగొండ పిల్లది, దీక్షిత గొంతు ఇంకొంచెం గరుకుగా ఉంటుంది, పుష్పమ్మ గొంతు, తన తల్లి గొంతు, మనవరాలికి అచ్చంగా దిగింది. ఆ పుష్పమ్మ సాయంత్రం వాకిట్లో నిలబడి "ఓ కమలా!" అని ఒక్క కేక వేస్తే వీధి చివర బడి జాగాలో ఆడుతున్న కమలకు వినబడేది, "ఇగొచ్చిన!" అని ఇక్కడి నుంచే అరిచేది, అరిచి ఇంకో పట్టు పట్టేది, మళ్లీ కేక, మళ్లీ ఇగొచ్చిన, కాలు ఒక్క అంగుళం కదిలేది కాదు గానీ మాట మాత్రం ఇంటికి చేరుకునేది. ఈ తట్టు మనుషులంతా అంతే, రాకముందే వచ్చిన అంటారు, ఇంకా అన్నం ముందు కూర్చునే ఉండి ఇగొచ్చిన అంటారు, అందులో అబద్ధం లేదు, మనసు లేచి బయలుదేరిందని చెప్పడం అది. అట్లా అరుస్తూ అరుస్తూ ఒక సాయంత్రం కూతకు పోయి, కేకకు పలికీ, కూత తప్పకుండానూ ఒక్క మాటతోనే రెండు పనులూ అయిపోతాయి కదా అని ఇగొచ్చిన ఇగొచ్చిన ఇగొచ్చిన అని పట్టింది, ఆ రోజు ముగ్గురిని ముట్టి వచ్చింది. అప్పటి నుంచి అదే ఆమె కూత. అవతలి వాళ్లకు అది బెదిరింపు, ఇగో మీ మీదికి వచ్చిన అని. ఇవతలి వాళ్లకు అది మాట ఇవ్వడం, ఉండుండ్రి, ఇగో తిరిగి వచ్చిన అని. బళ్లో ఆటకు రూల్సెవరికి తెలుసు, ఏ కూతైనా కూతే. పదో తరగతితో ఆట ఆగిపోయింది, పెళ్లైంది, ఉద్యోగమొచ్చింది, కూత మాత్రం లోపల అట్లాగే ఉండిపోయి, నిరంజనన్న కూతురు ఆరేళ్ల వయసులో వాకిట్లో బొగ్గుతో గీత గీసి అత్తా ఆడుదాం రా అన్నప్పుడు మళ్లీ బయటకొచ్చింది. పిల్లకు అక్షరాల కంటే ముందు ఆ కూత వచ్చింది.

"బిడ్డా" అన్న పిలుపుకు కమల ఉలిక్కిపడింది. ఈశ్వరయ్య తన టికెట్టును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, కళ్లజోడు సవరించి చదువుతున్నాడు. "నేను నీకు ఆడమనిషి లెక్క కనబడుతున్ననా?" అన్నాడు. చూస్తే జీరో టికెట్టు. మహిళలకు ఉచితం అని స్పష్టంగా కొట్టి ఉంది. వెనక సీట్లో ఆడవాళ్లు పగలబడి నవ్వారు, ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది, "ఆధార్ కార్డు చూపెట్టు బాపు" అంది ఇంకొకావిడ. పదహారేళ్లలో ఎన్నడూ చేయని పని, చెకింగోళ్లు ఎక్కితే ఉద్యోగానికే ఎసరు, కమల గబగబా దాన్ని రద్దు చేసి సరైన టికెట్టు కొట్టి చేతిలో పెడుతూ, ఎంత ఆపుకున్నా ఆగక, "ఎంతైంది బాపు?" అంది. "టికెట్టా?" "ఆట!" ఈశ్వరయ్య ఆమెను ఎగాదిగా చూశాడు, విషయం అర్థమైంది, పెదవి చివర చిన్న నవ్వు మొలిచింది. "పెద్దవంగరనా నువ్వు?" "మా మేనకోడలే ఆడుతున్నది." "ఓరి నీ! గది ముందుగాల చెప్పాలె గద. మాయి పద్నాలుగు, మీయి తొమ్మిది" అని, ఓదార్పుగా, "పిల్లలు బాగనే ఆడుతున్నరు తియ్యి" అన్నాడు. ఆ ఓదార్పు కంటే పాపమే నయం.

తొమ్మిదేనా. అయిదు వెనక. వెనకబడటం కొత్త కాదు, కానీ కూత ఏమైంది, కూత తప్పిందా, నోట్లోంచి అది వచ్చిందా, అది అడగాలంటే నిరుటి సంగతి చెప్పాలి, చెప్పడానికి నోరు రాదు. నిరుడు ఇదే భూపాలపల్లిలో, సెమీఫైనల్లో, కమల సెలవు పెట్టి మరీ వెళ్లి గీతకు రెండడుగుల దూరంలో నిలబడింది. స్కోరు సమానం. చివరి కూత. దీక్షిత కబడ్డి కబడ్డి అంటూనే పోయింది, రూల్సు ప్రకారం ఆ ఒక్క మాటే అనాలి, ఇంకే మాట అన్నా అంపైరు ఈల వేసి వెనక్కి పంపి అవతలి వాళ్లకు పాయింటిస్తాడు, అది పిల్లకు తెలుసు, రెండేళ్లుగా తప్పకుండా అంటోంది కూడా. పోయింది, ఇద్దరిని ముట్టుకుంది, తిరిగింది, ఇంక నాలుగడుగులు, ఫైనల్ కళ్ల ముందు ఉంది, అప్పుడు కమల ఆపుకోలేక "దీక్షితా!" అని కేక వేసింది. పేరు పెట్టి పిలిచింది. అచ్చం పుష్పమ్మ పిలిచినట్టే. పిలిస్తే పలకడం అన్నం తిన్నంత అలవాటు కదా, పిల్ల నోట్లోంచి కబడ్డి జారిపోయి ఇగొచ్చిన, ఇగొచ్చిన అని వచ్చేసింది. ఈల. చెవులు తూట్లు పడే ఈల. పాయింటు అవతలి వాళ్లకు. మైకులో మాట్లాడే ఆయన పొట్ట పట్టుకుని, "ఇగొచ్చినంట! ఎక్కడికొచ్చావమ్మా, ఇంటికి పోదువు గానీ పద" అన్నాడు, మైదానమంతా గొల్లుమంది. దీక్షిత ఏడవలేదు. గీత మీద కూర్చుని బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది, మళ్లీ విప్పింది. కమలకు భూమిలోకి కుంగిపోదామన్నా ఆ బొగ్గుగనుల ఊరి నేల చోటివ్వలేదు.

బస్సు నెల్లికుదురు దగ్గర ఆగింది, పదిమంది దిగి పాతిక మంది ఎక్కారు, జర జరుగుండ్రి, లోపటికి పోండ్రి, ఎవరి మోచేయో పక్కటెముకల్లో, ఎవరిదో కూరగాయల సంచి కాలి మీద, అన్నిటి మధ్యలోంచి ఆమె చెవి మాత్రం మూడో సీటు దగ్గరే ఉండిపోయింది. పోయిన ఆదివారం దీక్షిత ఇంటికొచ్చింది. ఎప్పుడూ రాగానే వంటింట్లోకి పోయే పిల్ల, గడపలోనే నిలబడి, చూపు నేల మీద పెట్టి, "అత్తా, ఫైనలుకు నువ్వు రాకు" అంది. ఎందుకే అని అడగలేదు కమల. పిల్లే చెప్పింది. "నువ్వు పిలువకుంట ఉండవు. నువ్వు పిలిస్తే నేను పలుకకుంట ఉండ." అంతకంటే నిజమైన మాట ఎవరూ ఆమెతో అనలేదు, అందుకే అంతకంటే బాధ పెట్టిన మాటా లేదు. పదకొండేళ్లు ఓడిపోయే జట్టు వెంట తిరిగి, గెలిచే రోజు వచ్చేసరికి గడప బయట నిలబడమంటే ఎట్లా ఉంటుంది. సరే బిడ్డా అంది. నవ్వింది కూడా. పిల్ల పోయాక డిపోకు వెళ్లి ఈ రోజుకు డ్యూటీ తనే అడిగి వేయించుకుంది, ఇంట్లో ఉంటే కాళ్లు ఆగవని.

అయినా ఈ ఏడాదంతా ఎంత కష్టపడ్డారు ఇద్దరూ. పొద్దున అయిదున్నరకు ఫోను మోగేది, అవతల దీక్షిత, హలో కూడా లేదు, కబడ్డి కబడ్డి కబడ్డి అని ఒకే ఊపిరి, ఇవతల కమల గోడ గడియారం చూస్తూ సెకన్లు లెక్కపెట్టేది, ఇరవై మూడు, ఇరవై నాలుగు, తెగింది. ముప్పై సెకన్లు నిలవాలి. ఇగొచ్చిన అంటే అవలీలగా నిలుస్తుంది, ఆ మాటలో నాలుక మెత్తగా జారుతుంది, ముక్కులోంచి ఊపిరి పొదుపుగా పోతుంది, కబడ్డిలో అట్లా కాదు, ఆ డ్డి దగ్గర ప్రతిసారీ తలుపు తట్టినట్టు నాలుక కొట్టుకుంటుంది, తట్టిన ప్రతిసారీ కొంత ఊపిరి ఒలికిపోతుంది. ఇది ఏ కోచూ చెప్పలేదు, కమల సొంతంగా కనిపెట్టిన శాస్త్రం, డిపోలో చెబితే డ్రైవర్లు నవ్వారు. ఇరవై అయిదు, దసరా నాటికి ఇరవై ఆరు, ఉగాదికి ఇరవై ఏడు. తను నేర్పిన కూతను తనే, పొద్దున పూట, పిల్ల నోట్లోంచి పంటి కింద రాయిలా ఏరి పారేస్తోంది.

"ఏమాయె బాపు?" అని ఈసారి అడిగింది కమల కాదు, స్టీరింగు ముందు నుంచి డ్రైవర్ హరిలాల్. అంటే బస్సంతా వింటోందన్నమాట. ఏమీ కాలేదు, విరామం, ఎవరో పెద్దమనిషి మైకు పట్టుకుని క్రీడల ప్రాముఖ్యత గురించి చెబుతున్నాడు, క్రీడలు చదువుకు ఎట్లా ఉపయోగపడతాయో అయిపోయింది, ఇప్పుడు ఆరోగ్యానికి ఎట్లా ఉపయోగపడతాయో మొదలైంది. "గీయన మైకు పట్టుకుంటే ఇడువడు" అన్నాడు ఈశ్వరయ్య. జీరో టికెట్టుకు నవ్విన ఆవిడ, ఆ మైకు పీకేయకపోతిరి అంది. రేగొండా పెద్దవంగరా అన్న తేడా లేకుండా బస్సంతా ఆ పెద్దమనిషిని తిట్టింది, పావుగంట తిట్టింది, తిట్టేకొద్దీ ఒక కుటుంబం అయిపోయింది. కమల మూడో సీటు కమ్మీకి ఆనుకుని నిలబడిపోయింది. ఆటల వల్ల ఐకమత్యం పెరుగుతుంది అని ఫోనులో ఆయన అంటుండగానే ఈల మోగింది.

మోగడంతోటే ఏదో అయింది. ఏమయిందో కమలకు కనబడలేదు, చిన్న తెర, బస్సు కుదుపు, ఈశ్వరయ్య బొటనవేలు సగం మైదానాన్ని కప్పేసింది, కానీ ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది, కనుబొమలు ముడిపడుతున్నాయి. "మీ పిల్ల రెండు పట్టుకచ్చింది" అన్నాడు. పద్నాలుగు, పదకొండు. "మల్ల పోయింది. మల్ల తెచ్చింది! ఏందిది?" పదహారు, పద్నాలుగు. పట్టు పట్టారు, రేగొండ పిల్లను గీత దగ్గరే కూలేశారు, పెద్దవంగర పిల్లలకు పట్టు! జారని పట్టు! కమల, ఎవరో చిల్లర ఇస్తే ఎంత ఇచ్చారో చూడకుండా సంచిలో వేసుకుంది, తొర్రూరు బస్టాండులో బస్సు ఆగితే దిగాల్సిన వాళ్లు దిగలేదు, ఒకాయన మా ఊరు దాటిపోయినా సరే గీ ఆట అయినంకనే దిగుత అని తిరిగి కూర్చున్నాడు, హరిలాల్ ఇంజను ఆపి మెడ వెనక్కి తిప్పి ఇరవై రెండా, ఇరవై మూడా అని అడుగుతున్నాడు, కింద కంట్రోలరు బస్సు మీద చేత్తో కొడుతున్నాడు కదలండీ అని. కదిలింది. ఇరవై అయిదు, ఇరవై నాలుగు. కదిలిన బస్సులో ఆడవాళ్లు సీట్ల మీద మోకాళ్లు పెట్టి వెనక్కి తిరిగి కూర్చున్నారు. నోట్లోంచి అది రాలేదు, ఇప్పటికి పదిసార్లు పోయింది, ఒక్కసారి కూడా తప్పలేదు, బంగారు తల్లి, నా బంగారు తల్లి. ఇరవై ఆరు, ఇరవై ఆరు. "సమానం" అన్నాడు ఈశ్వరయ్య. "ఇగ ఒక్కటే కూత ఉన్నది. మీ పిల్లదే."

వట్టి చేతులతో తిరిగొచ్చినా సమానమే, ఇంకొంచెం సేపు ఆడిస్తారు, జాగ్రత్త పడొచ్చు, కానీ దీక్షిత జాగ్రత్త పడదు, ఆ సంగతి కమలకు తెలుసు, జాగ్రత్త పడటం ఆమె నేర్పలేదు, కబడ్డి కబడ్డి కబడ్డి, గీత దాటింది, గరుకు గొంతు, పుష్పమ్మ గొంతు, బస్సు చప్పుడును చీల్చుకుని వస్తోంది, కమల లోపల గోడ గడియారం మొదలైంది, మూడు, నాలుగు, ఎడమ మూలకు పోతోంది అంటున్నాడు ఈశ్వరయ్య, వద్దు, అక్కడ వాళ్ల పెద్దపిల్ల ఉంది, తొమ్మిది, పది, కాలు చాపింది, అందలేదు, మళ్లీ, పద్నాలుగు, ముట్టింది! ముట్టింది ముట్టింది అని బస్సు లేచి నిలబడింది, తిరుగు, తిరుగు బిడ్డా, అప్పుడే ఎవరో కాలు పట్టారు, నడుం పట్టారు, ఈశ్వరయ్య తన జట్టు పట్టినందుకు సంతోషించడం మరిచి అయ్యో అన్నాడు, ముగ్గురిని ఈడ్చుకుంటూ వస్తోంది, కబడ్డి కబడ్డి, ఇరవై, ఇరవై ఒకటి, బస్సు వెనక సీట్లోంచి ఒక పిల్లెవరో, మైకులో విన్న పేరు పట్టుకుని, "దీక్షితా! దీక్షితా!" అని కేక వేసింది, కమల గిర్రున తిరిగి "పిలువకుండ్రి! ఎవ్వలు పేరు పెట్టి పిలువకుండ్రి!" అని అరిచి, నూరు కిలోమీటర్ల అవతలికి వినబడుతుందేమో అని తన నోటిని తనే రెండు చేతులతో గట్టిగా మూసుకుంది, బస్సంతా నోళ్లు మూసుకుంది, నలభై మంది ఊపిరి బిగబట్టారు, ఇరవై నాలుగు, చెయ్యి చాచింది, గీతకు జానెడు దూరం, కబడ్డి కబ, ఇరవై ఆరు, కబడ్డి, ఇరవై ఏడు, క, అంతే, తెర మీద గుండ్రంగా ఒక చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది.

"సిగ్నల్ పోయింది" అన్నాడు ఈశ్వరయ్య, హత్య చేసినవాడిలా. ఫోను కిటికీ బయట పెట్టి చూశాడు, పైకెత్తి చూశాడు, వేరే వాళ్లు తమ ఫోన్లు తీశారు, ఎవరికీ లేదు, ఇక్కడ ఎప్పుడూ ఇంతే, రెండు చెరువుల మధ్య ఈ అయిదు కిలోమీటర్లు దేవుడికి ఫోను చేయాలన్నా దిగి నడవాలి. పత్తి చేలు, మిరప చేలు, ఎండ. ఆ క తరువాత ఏమైంది. బడ్డి అందా, లేక ఆ చివరి ఊపిరిలో, ఒంట్లో ఇంకేమీ మిగలనప్పుడు, మొదట నేర్చిన మాటే వచ్చిందా. ఓడినా సరే, కమల ఎవరికి మొక్కుతోందో తెలియకుండానే మొక్కింది, ఓడినా సరే అది రాకుండా ఉండాలి, మళ్లీ ఆ నవ్వు వద్దు. అబద్ధం, ఓడినా సరే కాదు, గెలవాలి, పదకొండేళ్లు, ఎందుకు గెలవకూడదు, ఒక్కసారి గెలిస్తే ఎవరి సొమ్ము పోయింది. ఇరవై ఏడు వరకు వచ్చింది కదా, పొద్దున ఎన్నిసార్లు ఇరవై ఏడు దగ్గర తెగిందో గుర్తుంది, తెగిన చప్పుడు కూడా గుర్తుంది. సంచిలోంచి తన ఫోను తీసి అరచేతిలో పెట్టుకుంది. నోరు నొక్కి ఉంచిన దాన్ని విప్పింది. హరిలాల్ ఎన్నడూ లేనంత వేగంగా నడుపుతున్నాడు, గుంతలు చూడటం లేదు.

పెద్దవంగర స్టేజీ దగ్గర బస్సు ఆగీ ఆగకముందే ఫోను మోగింది. కమల ఫుట్‌బోర్డు మీదకు దిగి చెవికి ఆనించుకుంది. అవతల డప్పులు, ఈలలు, ఎవరివో అరుపులు, వాటి మధ్య ఆయాసం. "అత్తా." "చెప్పు బిడ్డా." "పోయింది అత్తా. ఒక్క పాయింటు. జానెడు దూరంల దొరికిపోయిన." కమల కళ్లు మూసుకుంది. అడగాల్సింది ఒక్కటే ఉంది. దీక్షితే అంది, "కూత తప్పలే. ఈల ఎయ్యలే. ఊపిరి అయిపోయింది, గంతే." "ఇరవై ఏడు" అంది కమల. "నువ్వు లెక్కపెట్టినవా?" పిల్ల గొంతు ఒక్కసారి సన్నబడింది, చిన్నప్పటి గొంతయింది. "నాకు తెల్సు నువ్వు లెక్కపెడుతవని. గీత కాడికి వచ్చినంక నీ కోసం చూసిన అత్తా. నేనే రాకు అన్న గద, మరిచిపోయిన. నువ్వు ఎదురుంగ ఉంటే గా మూడు సెకన్లు సాలుతుండె." డప్పులు దగ్గరయ్యాయి, ఎవరో పిల్లను లాగుతున్నారు. "వచ్చే ఏడు నువ్వు రావాలె. గీత పక్కనే నిలబడాలె. నోరు మూసుకొని నిలబడాలె" అంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా, ఫోను ఆగిపోయింది.

కమల కళ్ల నిండా నీళ్లు, ఆ నీళ్ల కింద పట్టరాని సంతోషం, ఓడిపోయారు, మళ్లీ ఓడిపోయారు, అయినా కాళ్లు నేల మీద లేవు, ఇంత ఆనందంగా పదకొండేళ్లలో ఎప్పుడూ ఓడిపోలేదు. తిరిగి చూస్తే తలుపు దగ్గర, కిటికీల్లోంచి, సీట్ల మీది నుంచి, బస్సు మొత్తం ఆమె ముఖంలోకి చూస్తోంది. "ఏమాయె అక్కా?" అన్నాడు హరిలాల్. ఒక్క పాయింటుతో పోయింది అన్నా అని చెబుదామనే నోరు తెరిచింది. "గెలిచినం" అని వచ్చింది. వచ్చిన మాటను పట్టుకునే లోపే బస్సు దద్దరిల్లిపోయింది, చప్పట్లు, ఈలలు, హరిలాల్ హారను మీద చెయ్యి పెట్టి తీయలేదు, జీరో టికెట్టుకు నవ్విన ఆవిడ కమలను గట్టిగా కావలించుకుంది. ఆ గోలలో మూడో సీటులో ఫోనుకు సిగ్నల్ వచ్చింది. రేగొండ జట్టును మైకాయన ఆకాశానికెత్తుతున్నాడు, కప్పు ఇస్తున్నారు, రేగొండ, రేగొండ అని అరుస్తోంది జనం. ఈశ్వరయ్య ఒకసారి తెర వంక చూశాడు, ఒకసారి కమల వంక చూశాడు. బొటనవేలితో చప్పుడు తగ్గించి, పూర్తిగా తగ్గించి, ఫోను చొక్కా జేబులో వేసుకుని, ఆయన కూడా చప్పట్లు కొట్టాడు.